రెండణాల మామూలు

సెలూన్లో క్రాపు చేయించుకున్నాక, బోర్డు మీద రాసిన డబ్బుల పైన ఇంకో కాస్త ఎంత పెట్టాలో, ఎప్పుడు పెట్టాలో, ఏ మొహం పెట్టుకుని పెట్టాలో ఏ బడిలోనూ చెప్పరు. ముప్ఫై నాలుగేళ్ళు బడిలో పాఠాలు చెప్పినవాణ్ణి గనక ఈ మాట ధైర్యంగా అనగలను. ఎక్కాలు చెప్పాం, సంధులు చెప్పాం, హిందూదేశపు నదులన్నీ వల్లె వేయించాం. దీని జోలికి మాత్రం పోలేదు. ఎవరైనా నాకు చెప్పి ఉంటే జగ్గయ్యపేటలో రెండేళ్ళపాటు, నెలకి రెండణాల చొప్పున, నేను చేసిన తెలివితక్కువ పని చేసి ఉండేవాణ్ణి కాదు.

జగ్గయ్యపేటలో బస్సులు ఆగే చోటికి దగ్గర్లోనే ఉండేది ఆ సెలూన్. రెండు చెక్క కుర్చీలు, వాటి ముందు రెండు పెద్ద అద్దాలు, ఎదురుచూసేవాళ్ళకి గోడ వారగా ఒక బల్ల. గోడకి నీలం రంగు బోర్డు. క్రాపు నాలుగణాలు, గడ్డం రెండణాలు, రాజకీయములు మాట్లాడరాదు. ఈ చివరి నియమాన్ని అందరికంటే ముందు ఉల్లంఘించేది ఆ షాపాయనే. పనిలేని మంగలి పిల్లి తల గొరిగాడని మనవాళ్ళు ఏ మనిషిని చూసి అన్నారో గానీ, ఆదివారం పొద్దున ఆ షాపులో పిల్లి దూరటానికి సందు ఉండేది కాదు.

ఆ బల్ల మీద కూర్చుని నేను నేర్చుకున్న లోకజ్ఞానం అంతా ఇంతా కాదు. ఒక మిరపకాయల వ్యాపారి ఉండేవాడు. అర్ధరూపాయి ఇచ్చి, మిగతా నాలుగణాలు తిరిగి తీసుకుని, వాటిని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు ఆలోచించి, కూతుర్ని అత్తారింటికి పంపుతున్నంత దిగులుగా ఒక అణా తీసి, "టీ తాగవయ్యా" అనేవాడు. నందిగామ నుంచి పని మీద వచ్చే ఒక కోర్టు గుమాస్తా పైసా కూడా ఎక్కువ ఇచ్చేవాడు కాదు. దానికి బదులు "నీ చేతిలో కళ ఉందయ్యా" అని పొగిడి పోయేవాడు. ఆ పొగడ్త విన్నాక షాపాయన దువ్వెనని రెండుసార్లు టక్ టక్ మని బల్లకేసి కొట్టేవాడు. అవతల నైజాం వైపు నుంచి వచ్చే రైతులు మాత్రం దర్జాగా "ఉంచుకో బిడ్డా" అని నైజాం సర్కారువారి హాలీ బిళ్ళ ఇచ్చేవాళ్ళు. అది మా బజార్లో చెల్లదు. ఆయన దాన్ని పౌడరు డబ్బాలో వేసుకుని, ఎప్పుడైనా కోదాడ పోయినప్పుడు ఖర్చు పెట్టుకునేవాడు. పెళ్ళికొడుకుల సంగతి వేరు. వాళ్ళు ఆ రోజు ఎవరికి ఎంత ఇస్తున్నారో వాళ్ళకే తెలీదు.

ఇంత చూశాను గానీ, నా వంతు దగ్గరికి వచ్చేసరికి నాకేమీ తెలిసేది కాదు. దానికి కారణం చెప్పాలంటే మా ఊరు వెళ్ళాలి.

మాది వీరులపాడు వైపు ఒక ఊరు. ఊరంటే ఊరు కాదు, వాగు అవతల మా పేట. మేము క్రైస్తవులం. ఊరి లెక్కలో మాత్రం అంతకుముందు ఏమిటో ఇప్పుడూ అదే. మా నాన్న పేటలోని మిషను బడిలో పంతులు. ఊళ్ళో మంగలి ఉన్నాడు, మంచివాడు కూడా, కానీ మా పేటకి రాడు. మా తల ముట్టిన కత్తి మళ్ళీ తమ తల మీదికి రాకూడదని కామందులు ఆయనకి ఎప్పుడో చెప్పి పెట్టారు. ఏటా ధాన్యం కొలిచేది వాళ్ళు. ఆయన మాత్రం ఏం చేస్తాడు?

అందుకని మా ఇంట్లో ఆ పని మా అమ్మ చేసేది. కుట్టుపని నేర్పే దొరసాని ఒకావిడ ఎప్పుడో ఇచ్చిన బట్టల కత్తెర అమ్మ దగ్గర ఉండేది. నెలకో శనివారం మా నాన్నని పీట మీద కూర్చోబెట్టి, మెడ చుట్టూ పాత చీర కట్టి, "కదలమాకు, కదిలితే నా పూచీ లేదు" అని మొదలెట్టేది. మా నాన్న బడిలో అరవై మంది పిల్లల్ని కంటిచూపుతో ఆపగలిగినవాడు. ఆ పీట మీద మాత్రం ఊపిరి కూడా అడిగి పీల్చేవాడు. పని అయ్యాక అమ్మ, "కూలేదీ?" అని చెయ్యి చాచేది. ఆ పూట బావి నుంచి నీళ్ళు మా నాన్నే తెచ్చేవాడు. మా ఇంట్లో ఉన్న ఇనాం పద్ధతి అదొక్కటే. ఆ తర్వాత నా వంతు. నాకు ఎప్పుడూ ఒకటే రకం, డిప్ప బోర్లించి చుట్టూ కత్తిరించినట్టు.

నందిగామలో హైస్కూలు చదువుకి వచ్చాక నాకు ఆ డిప్ప క్రాపు మీద విరక్తి పుట్టింది. హాస్టల్లో ఉండేవాణ్ణి. నాలుగో ఫారంలో ఉండగా క్లాసంతా కలిసి ఫోటో తీస్తారన్నారు. ఎవరికీ చెప్పకుండా నాలుగణాలు కూడబెట్టి, ముందు రోజు సాయంత్రం బజార్లో ఉన్న ఒక సెలూన్లోకి పోయి కూర్చున్నాను. అక్కడి ఆయన నన్ను ఏమీ అడగలేదు. మెడకి తెల్లగుడ్డ కట్టి, క్రాపు మిషను పెట్టి కుడివైపంతా చక్కగా ఎక్కించాడు. అద్దంలో నా కుడి చెవి పైన నున్నగా, ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోయిందో తెలియకుండా జుట్టు దిగుతుంటే నేనే వేరే ఎవరో అనిపించింది. అంతలో మా ఊరి పెద్దమనిషి ఒకాయన గడ్డానికి వచ్చాడు. నన్ను అద్దంలో చూశాడు.

"ఇదుగో, నువ్వు వాగవతల పంతులు కొడుకువి గదూ?" అన్నాడు. తర్వాత షాపాయన వైపు తిరిగి, "ఎవరనుకుని చేస్తన్నావయ్యా?" అన్నాడు.

మిషను ఆగిపోయింది. షాపాయనకి కోపం రాలేదు, భయం వేసింది. అది ఇంకా ఘోరం. గుడ్డ విప్పేసి, గొంతు తగ్గించి, "లేవయ్యా బాబూ, లే. నాకు తిప్పలు తెచ్చిపెట్టమాకు" అన్నాడు. లేచాను. నాలుగణాలు తీసి ఇవ్వబోతే పుచ్చుకోలేదు. ఆ రోజు మొత్తానికి నాకు మిగిలిన లాభం అదొక్కటే.

కుడివైపు క్రాపు, ఎడమవైపు డిప్పతో, నెత్తిన తువ్వాలు వేసుకుని హాస్టలుకి పోయాను. జ్వరమని చెప్పాను. మర్నాడు ఫోటోలో తల పక్కకి తిప్పి, కుడి చెంప మాత్రమే కనపడేట్టు నిలబడ్డాను. ఆ ఫోటో ఇప్పటికీ ఉంది. అందరూ కెమెరా వైపు గుడ్లప్పగించి చూస్తుంటే, నేనొక్కణ్ణే ఎక్కడో దూరంగా చూస్తూ మహా మేధావిలా ఉంటాను. చూసినవాళ్ళు "అప్పటికే ఎంత ఆలోచన!" అంటారు. ఔనంటాను.

నవ్వుతూ చెబుతున్నాను గానీ, ఆ రోజు నుంచి ఉద్యోగం వచ్చేదాకా మళ్ళీ ఏ సెలూన్ గుమ్మం తొక్కలేదు. సగంలో లేపేస్తారేమోనన్న భయం మనిషిలో దూరితే అంత తొందరగా పోదు. పూర్తిగా వద్దంటే సరే అని వచ్చెయ్యొచ్చు. సగంలో లేపితే ఆ సగాన్ని నెత్తిన పెట్టుకుని ఊరంతా తిరగాలి.

చదువు, ట్రైనింగ్ అయ్యాక జగ్గయ్యపేటలో బడిపంతులు ఉద్యోగం వచ్చింది. అప్పటికింకా నయాపైసలు రాలేదు. నెలనెలా అమ్మ కత్తెర కోసం మా ఊరు పోవటం కుదిరే పని కాదు. రెండు నెలలు ఆగాను. మెడ మీద జుట్టు చొక్కా కాలరు దాటింది. హెడ్మాస్టరుగారు పిల్లల ముందే, "ఏం మేస్టారూ, నాటకాల్లో వేషం కడుతున్నారా?" అన్నాడు. ఇక తప్పలేదు. వారం రోజులు ఆ సెలూన్ ముందు నుంచి అటూ ఇటూ తిరిగి, మా ఊరి వైపువాళ్ళు ఎవరూ రావటం లేదని రూఢి చేసుకుని, జనం ఉండని బుధవారం మధ్యాహ్నం చూసుకుని లోపలికి పోయాను.

షాపాయనకి నలభై ఏళ్ళుంటాయి. భారీ మనిషి. గుడ్డ కట్టాడు, దువ్వెన తీశాడు, అద్దంలో నా కళ్ళలోకి చూసి అడిగాడు.

"మామూలేనా అండీ?"

మామూలు అనే మాట మన తెలుగులో మహా గడుసుది. రోజూ ఉండేదీ మామూలే, చేతిలో పెట్టేదీ మామూలే. పోస్టుమానుకి దసరా మామూలు, కోర్టు బంట్రోతుకి మామూలు, ఎవరి నోరైనా మూయించాలంటే మామూలు. క్రాపు మామూలుగా చెయ్యమంటారా, లేకపోతే ఏదైనా కొత్త ఫ్యాషనా అని ఆయన అడిగాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నాకు రెండో అర్థమే వినిపించింది. వీడు కనిపెట్టేశాడు అనుకున్నాను. ఎలా కనిపెట్టాడో తెలియలేదు. చొక్కా వల్లా, నడక వల్లా, నేను కుర్చీలో బిగుసుకుని కూర్చున్న తీరు వల్లా? సరే, కనిపెట్టాడు. కనిపెట్టి, లేవమనకుండా, డబ్బులు అడుగుతున్నాడు. నిజం చెప్పాలంటే నాకు ఎంతో హాయి అనిపించింది. డబ్బులతో పోయే గండమైతే అది గండమే కాదు!

గుడ్డ కింద నుంచి చెయ్యి బయటికి తీసి, జేబులో వెతికి, రెండణాల బిళ్ళ పైకెత్తాను. ఆయన ఏమిటన్నట్టు చెయ్యి చాపాడు. జానెడు ఎత్తు నుంచి బిళ్ళని ఆ చేతిలోకి జారవిడిచాను. అది నాకు చిన్నప్పటి అలవాటు. మా ఊరి కొట్లో డబ్బులు బల్ల మీద పెట్టటమో, పైనుంచి వెయ్యటమో తప్ప చేతికి చెయ్యి తగలనిచ్చేవాళ్ళం కాదు. తగిలితే వాళ్ళకి స్నానం, మాకు తిట్లు.

ఆయన బిళ్ళ వైపు చూశాడు. అద్దంలో నా వైపు చూశాడు. బిళ్ళ జేబులో వేసుకుని, ఒక్క మాట కూడా మాట్లాడకుండా క్రాపు చేశాడు. రెండువైపులా చేశాడు. బయటికి వచ్చి ఒక కొట్టు గాజు అలమరలో నన్ను నేను చూసుకుని, ఎడమ చెవి వెనక చెయ్యి పెట్టి మళ్ళీ మళ్ళీ తడుముకున్నాను. ఏడుపొచ్చింది కూడా, దాచటమెందుకు.

అలా మొదలైంది. తర్వాతి నెల నుంచి ఆయన అడిగేదాకా ఉండేవాణ్ణి కాదు. కూర్చోగానే రెండణాలు పైనుంచి జారవిడవటం, ఆయన జేబులో వేసుకోవటం. పోగాపోగా ఆయన అడగటం మానేశాడు. అందరితో విశాలాంధ్ర గురించీ, వేరుశనగ ధర గురించీ గొంతు చించుకుని మాట్లాడే మనిషి, నా దగ్గరికి వచ్చేసరికి నోట్లో తాళం వేసుకునేవాడు. నేను కొనుక్కుంటున్నదే ఆ మౌనం గదా, ఇచ్చిన డబ్బుకి సరుకు సరిగ్గా ఇస్తున్నాడనుకున్నాను. కుర్చీ ఖాళీ కాగానే, బల్ల మీద నలుగురున్నా నన్ను ముందు పిలిచేవాడు. ఎవరైనా వచ్చి గుర్తుపట్టే లోపల తొందరగా వదిలించుకుందామని కాబోలు అనుకున్నాను. నా మెడకి ప్రత్యేకంగా ఉతికిన తువ్వాలు వేసేవాడు. ఆ తువ్వాలు మిగతావాళ్ళకి వెయ్యడానికి పనికిరాదేమోనని దానికీ ఒక అర్థం తీశాను. భయపడేవాడికి అర్థాలు తియ్యటంలో ఉన్న ప్రతిభ ఏ పండితుడికీ ఉండదు.

రెండణాలంటే అప్పుడు తక్కువేమీ కాదు. ఇడ్లీ, కాఫీ. నెలకో పూట అవి మానేసేవాణ్ణి. నయాపైసలు వచ్చినప్పుడు ఇంకో చిక్కు వచ్చింది. బోర్డు మీద నాలుగణాలు చెరిపి ఇరవై అయిదు న.పై. అని రాయించాడు. మరి రెండణాలకి ఎంత? పన్నెండా, పదమూడా? లెక్కల మేస్టారే బడిలో తల గోక్కుంటున్న రోజులు. ఒక్క నయాపైసా తగ్గితే ఎక్కడ ఆయన నోరు ఒక్క నయాపైసా మేర జారుతుందోనని పదమూడు ఇచ్చాను. ఇప్పుడవి మూడు బిళ్ళలు. పైనుంచి వేస్తే గలగలమని షాపంతా వినపడేవి.

ఇంతలో మా అమ్మకి చత్వారం వచ్చింది. ఒక శనివారం మా నాన్న ఎడమ చెవి పై అంచు జుట్టుతో పాటు కాస్త కత్తిరించింది. రక్తం చూసి కత్తెర కింద పడేసి, ఇక నా జన్మలో పట్టుకోనని ఒట్టేసుకుంది. మా నాన్న కార్డు రాశాడు. "మీ ఊళ్ళో మంచి సెలూన్ ఉన్నదని రాసితివి. వచ్చే శనివారం వచ్చుచున్నాను." గొప్పకి పోయి నేనే రాశాను ఆ సెలూన్ గురించి. ఎవరిని అనుకోవాలి?

మా నాన్నకి దాచటం చేతకాదు. దాచాల్సినది ఒకటి ఉందని కూడా ఆయనకి తోచదు. బస్సులో పక్కన కూర్చున్నవాడు పేరడిగితే ఊరు, పేట, బడి, చర్చి అన్నీ చెప్పి, చివర్లో వాడి వివరాలు అడిగేవాడు. బస్సు దిగిన దగ్గర్నుంచీ నేను నూరిపోస్తూనే ఉన్నాను.

"నాన్నా, అక్కడ నువ్వేం మాట్లాడమాకు. కూర్చోగానే నేను మామూలిస్తా."

"దేనికిరా మామూలు?"

"అందరూ ఇస్తారు."

"బోర్డు మీద రేటు రాయలా?"

"రాశాడు. ఇది అది కాదు."

మా నాన్న నా వైపు చూసిన చూపు, తప్పు ఎక్కం అప్పజెప్పిన పిల్లాడి వైపు చూసే చూపు.

షాపులో బల్ల మీద ఇద్దరున్నారు. మేం వెళ్ళగానే ఎప్పటిలాగే షాపాయన మమ్మల్ని ముందు పిలిచాడు. మా నాన్న కుర్చీలో కూర్చుని, కళ్ళజోడు తీసి జాగ్రత్తగా ఒళ్ళో పెట్టుకున్నాడు. షాపాయన గుడ్డ కట్టి, అద్దంలోకి చూసి అడిగాడు.

"మామూలేనా అండీ?"

నేను జేబులో చెయ్యి పెట్టి ముందుకి దూకాను. నాకంటే ముందు మా నాన్న మాట్లాడాడు.

"మామూలేనండి. చెవుల దగ్గర కాస్త చూసుకోండి. ఒకటి ఇప్పటికే అయిపోయింది."

షాపాయన పకపకా నవ్వాడు. రెండేళ్ళలో నేను ఆయన నవ్వు అంత దగ్గరగా వినటం అదే మొదలు. జేబులో చెయ్యి జేబులోనే ఉండిపోయింది. మామూలేనా అంటే మామూలుగానేనా అని. అంతే. అంతకంటే ఏమీ లేదు. నా ఇడ్లీలు, నా కాఫీలు, నా పదమూడు నయాపైసలు!

కత్తెర ఆడటం మొదలైంది. కుడివైపు అవుతుండగా షాపాయన, "చెవికేమైందండీ?" అని అడిగాడు.

"మా ఆవిడ కత్తెరండి. ముప్ఫై ఏళ్ళ నుంచీ ఆవిడే చేస్తా ఉంది."

"ఏం, మీ ఊళ్ళో మంగలి లేడా అండీ?"

"ఉన్నాడండి. మా పేటకి రాడు," అన్నాడు మా నాన్న, టైమెంతయిందంటే చెప్పినట్టు. "ఇంకో మగాడి చెయ్యి నా తల మీద పడటం ఇదే మొదలు."

కత్తెర ఆగింది.

నేను మా నాన్న తల వైపు చూశాను. కుడివైపు అయింది. ఎడమవైపు ఇంకా ముట్టుకోలేదు. యాభై అయిదేళ్ళ మనిషి. సగం. రేపు ఆదివారం ఆ తలతో చర్చిలో నిలబడి వాక్యం చదవాలి. అప్పటిదాకా నాలో ఉన్న భయం ఎటు పోయిందో తెలీదు, పట్టరాని కోపం వచ్చింది. ఆపెయ్యమంటే ఆ కత్తెర లాక్కుని నేనే పూర్తి చేద్దామనుకున్నాను. నాకు కత్తెర పట్టుకోవటం రాదు, అది వేరే సంగతి.

షాపాయన మా నాన్న గడ్డం కింద రెండు వేళ్ళు పెట్టి, మొహం మెల్లగా అటువైపు తిప్పాడు.

"ఇటు చూడండి పెద్దాయనా. ఈ పక్క ఇంకా ఉంది," అన్నాడు.

కత్తెర మళ్ళీ ఆడింది. బల్ల మీద ఉన్నవాళ్ళలో ఒకాయన లేచి, పైపంచె దులుపుకుని, "మళ్ళా వస్తాలే" అన్నాడు. షాపాయన వెనక్కి తిరక్కుండానే, "మళ్ళా వచ్చినా ఇదే కత్తెరండి," అన్నాడు. ఆయన వెళ్ళిపోయాడు. రెండో ఆయన పేపరు చదువుకుంటూ ఉండిపోయాడు. అది ధైర్యమో, పేపర్లో మంచి వార్త ఉందో నాకు తెలీదు గానీ, ఇప్పటికీ ఆయనంటే నాకు గౌరవమే.

పని అయింది. మెడ మీద పౌడరు వేసి, గుడ్డ దులిపాడు. మా నాన్న లేచి, కళ్ళజోడు పెట్టుకుని, బోర్డు ఒకసారి పైకి చదివి, సంచీలోంచి పాతిక నయాపైసల బిళ్ళ తీసి ఆయన అరచేతిలో పెట్టాడు. పెట్టి, చెయ్యి వదల్లేదు. మిషను దొరల దగ్గర నేర్చుకున్న పద్ధతిలో గట్టిగా ఊపి, "చాలా సంతోషమండి," అన్నాడు. అంతకుమించి ఒక్క పైసా ఇవ్వలేదు.

నాకు ఆగబుద్ధి కాలేదు. అలవాటు చెడ్డది. అప్పటికీ చేతిలో మూడు బిళ్ళలు పట్టుకునే ఉన్నాను. ఆయన చెయ్యి ఇంకా చాచే ఉంది గదా అని పైనుంచి జారవిడిచాను. ఆయన చెయ్యి వెనక్కి తీసేసుకున్నాడు. బిళ్ళలు నేల మీద జుట్టులో పడ్డాయి.

"ఏందండి మేస్టారూ ఇది?"

"మామూలు," అన్నాను.

"ఏం మామూలండి? రెండేళ్ళ నుంచీ అడుగుదామనుకుంటన్నా. మొదటి రోజు, క్రాపు మామూలేనా అంటే చేతిలో డబ్బులు పడేశారు. ఎవరో పెద్ద కామందుల బిడ్డ అనుకున్నా. మా ఊళ్ళో కామందులు అట్టాగే వేసేవాళ్ళు, చెయ్యి తగలకుండా పైనుంచి. ఆ పడెయ్యటం పడలేకే ఊరొదిలేసి ఇక్కడికొచ్చి షాపు పెట్టుకున్నా. మీరు ఇక్కడికి కూడా వచ్చారు! తలంతా నా చేతుల్లో పెడతారు, చిల్లర దగ్గరకొచ్చేసరికి నా చెయ్యి అంటరాదు. నెలనెలా మీరు పోయిందాకా ఉడికిపోయేవాణ్ణండి. పంతులుగారు గదా అని ఊరుకున్నా."

నన్ను ముందు పిలిచేది తొందరగా వదిలించుకోవటానికేనని నేననుకున్నది ఒక్కటే నిజమైంది.

"అది కాదండి," అన్నాను. "నా చెయ్యి తగిలితే మీరు..."

అక్కడ ఆగిపోయాను. ఆయన నా మొహంలోకి చూశాడు. మా నాన్న వైపు చూశాడు. మళ్ళీ నా వైపు చూశాడు. ఆయన మొహంలో కోపం దిగిపోవటం నేను చూశాను. దిగిపోయాక అక్కడ మిగిలినదాన్ని చూడలేక తల వంచుకున్నాను. ఒక మనిషి ఏ అవమానం పడలేక ఊరు విడిచి వచ్చాడో, అదే అవమానాన్ని నేను ఇడ్లీ మానుకుని మరీ నెలనెలా తీసుకెళ్ళి ఆయనకి ఇచ్చాను.

మా నాన్న వంగి, జుట్టులోంచి మూడు బిళ్ళలు ఏరి, ఊది, నా చేతిలో పెట్టాడు. "ఇస్తే చేతిలో పెట్టి ఇయ్యి. లేదంటే జేబులో వేసుకో," అన్నాడు.

"జేబులోనే వేసుకోమనండి పెద్దమేస్టారూ," అన్నాడు షాపాయన. "వచ్చే నెల మాట్లాడుకుందాం. ఈయనతో మాట్లాడాల్సిన రాజకీయాలు రెండేళ్ళవి ఉన్నయ్ నా దగ్గర."

జేబులోనే వేసుకున్నాను. బయటికి వచ్చాం. ఎండ బాగా ఉంది. మా నాన్న బస్సుల దాకా మాట్లాడకుండా నడిచాడు. మధ్యమధ్యలో మెడ వెనక చెయ్యి పెట్టుకుని, పౌడరు అంటిన వేళ్ళు చూసుకుంటున్నాడు. సెలూన్ నచ్చలేదేమో, నా మీద కోపం వచ్చిందేమోనని, "ఎట్టా ఉంది నాన్నా?" అని అడిగాను.

"చేతులు వెచ్చగా ఉన్నయ్‌రా ఆయనవి," అన్నాడు.

రెండేళ్ళు నెలనెలా నా తల ఆ చేతుల్లోనే ఉంది. అవి వెచ్చగా ఉంటాయో, చల్లగా ఉంటాయో నాకు తెలీదు.